పుష్యమాసపు మంచు – పల్లె జానపదం – మన చేతిలోని కెమెరా

 

వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. ఉద్యోగ పరీక్షల గురించి, ఇంగ్లీషు గ్రామరు గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒక అన్న రాస్తూనే ఉన్నారు. అందుకని మేము రెండు చలికాలాలుగా చేస్తున్న పని గురించి రాయదలచుకున్నాము. చలికాలంలో మన కొండలను, మంచును ఫొటోలు తీయడం, ఆ రోజుల్లోనే మన వీధుల్లోకి వచ్చే జానపద కళాకారులను ఫొటో తీసి, వారు చెప్పేది రాసిపెట్టుకోవడం – ఇదీ ఆ పని.

మేము అంటే ఈ హాస్టల్లో ఒకే గదిలో పెరిగి ఇప్పుడు పీజీ చదువుతున్న నలుగురం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా మొదట తెచ్చినవాళ్ళం మేమే. మా దగ్గర ఖరీదైన పరికరాలు ఏమీ లేవు. రెండు మామూలు సెల్‌ఫోన్లు, ఒక స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకున్న పాత డిజిటల్ కెమెరా, అంతే. కావున మీరు కూడా ఇది చేయగలరు అనే ధైర్యంతోనే రాస్తున్నాము.

1. మంచు అంటే ఏమిటి?

ఫొటో తీసే ముందు తీయబోయే వస్తువు ఏమిటో తెలియాలి. తెలుగులో మనం అన్నింటినీ 'మంచు' అనే అంటాం. తెల్లవారుజామున గడ్డి మీద ఉండే నీటిబొట్టూ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. శాస్త్రంలో ఇవి వేరు వేరు. గాలిలోని ఆవిరి సన్నని నీటి తుంపరలుగా మారి నేలకు దగ్గరగా తేలుతుంటే అది పొగమంచు. చూపు 1 కిలోమీటరు లోపే ఆగిపోతే దాన్ని పొగమంచుగా లెక్కిస్తారు. ఆవిరి చల్లని గడ్డి మీద నీటిబొట్టుగా దిగితే అది మంచుబిందువు. నేల మీది చలి సున్నా డిగ్రీలకు దిగి, ఆ ఆవిరి తెల్లని పొరలా గడ్డకడితే అది గడ్డకట్టిన మంచు. మబ్బులో తయారై పైనుంచి రాలేది హిమపాతం. మన అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో కనిపించేవి మొదటి రెండు, బాగా చలి పడిన ఏడాది మూడవది. పత్రికల్లో 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అని వచ్చినప్పుడు నాలుగవది అని పొరబడకూడదు.

లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్ళాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన పోలీసు స్టేషను ఆ చింతపల్లిదే. లంబసింగి ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్లు. ప్రతి 1,000 మీటర్లకూ గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది గనుక కింద మైదానంలో కంటే అక్కడ చలి ఎక్కువ. ఆ పైన చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. అక్కడి ఆవిరి చల్లబడి పొగమంచుగా మారుతుంది. ఎండ పొడిచి నేల వేడెక్కాక ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా విడిపోతుంది.

దీని నుంచి ఫొటోగ్రాఫరు నేర్చుకోవలసింది రెండు విషయాలు. ఒకటి, రాత్రి నక్షత్రాలు స్పష్టంగా కనిపించి, చెట్టు ఆకు కదలకుండా ఉంటే తెల్లవారి మంచు దొరికే అవకాశం ఎక్కువ. మబ్బు పట్టినా, గాలి వీచినా తక్కువ. రెండు, మంచు పల్లంలో ఉంటుంది గనుక మనం ఎత్తున ఉండాలి. లంబసింగి దగ్గర చెరువులవేనం, పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి జనం చీకటితోనే ఎక్కేది ఇందుకే. కింద ఉంటే అంతా తెలుపు. పైన ఉంటే మంచు పాలసముద్రంలాగా, కొండశిఖరాలు ద్వీపాలలాగా కనిపిస్తాయి.

2. చలికాలపు వెలుగు

పెద్దలు 'సంక్రాంతికి చంక ఎత్తనివ్వని చలి, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది' అన్నారు. ఆ చలికీ, ఫొటోలకు మంచి వెలుగు రావడానికీ కారణం ఒక్కటే. సూర్యుడు ఏటవాలుగా ఉండటం. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నీడలు కాళ్ళ కిందే ఉంటాయి, ముఖాల మీద కళ్ళ గుంటలు నల్లగా పడతాయి. డిసెంబరు 21 ప్రాంతంలో విశాఖపట్నం అక్షాంశం మీద మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. కాబట్టి చలికాలంలో రోజంతా నీడలు పొడవుగా ఉండి, కొండల మడతలు, పొలం గట్లు, మనిషి ముఖం మీది గీతలు చక్కగా తేలుతాయి. అన్నింటికంటే మంచి సమయం పొద్దు పొడిచిన తర్వాత ఒక గంట, పొద్దుకూకే ముందు ఒక గంట.

ఇక్కడ మన పండుగకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. పగలు అతి తక్కువగా ఉండేది డిసెంబరు 21 లేదా 22. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది అప్పుడే. అయినా మనం ఉత్తరాయణ పుణ్యకాలాన్ని జనవరి 14 లేదా 15న మకర సంక్రాంతి నాడు జరుపుకుంటాం. భూమి అక్షం బొంగరంలాగా మెల్లగా తూలడం వల్ల సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున ఈ తేడా పెరుగుతూ వచ్చింది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున వచ్చేవి. పండుగ పాత గుర్తును పట్టుకొని ఉంది, సూర్యుడు ముందుకు వచ్చేశాడు.

3. కెమెరా చేసే పొరపాటు, మనం దిద్దే పద్ధతి

మొదటిసారి మేము తీసిన మంచు ఫొటోలన్నీ మురికి నీళ్ళలాగా బూడిదరంగులో వచ్చాయి. కళ్ళకు తెల్లగా కనిపించింది ఫొటోలో ఎందుకు అలా వచ్చిందో తెలియక కెమెరాను తిట్టుకున్నాము. తప్పు కెమెరాది కాదు. కెమెరాలోని మీటరు ఎదురుగా ఏది ఉన్నా అది నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిదరంగు అనుకొని లెక్క కడుతుంది. మంచు అంతా తెలుపు గనుక 'వెలుగు ఎక్కువైంది' అనుకొని తగ్గించేస్తుంది. కాబట్టి మంచును తీసేటప్పుడు మనమే వెలుగును కొంచెం పెంచాలి. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే మీట ఉంటుంది. దాన్ని +1 వరకు జరపాలి. సెల్‌ఫోన్‌లో తెర మీద వేలితో తాకితే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకి జరపాలి.

భోగిమంట విషయంలో ఇది తలకిందులు. చుట్టూ చీకటి ఎక్కువ గనుక కెమెరా వెలుగును పెంచేస్తుంది, మంట తెల్లని ముద్దలాగా వస్తుంది. అప్పుడు సూర్యుడి బొమ్మను కిందికి జరిపి −1 చేయాలి. మంట రంగు, మంట వెలుగులో కనిపించే పిల్లల ముఖాలు అప్పుడే సరిగా వస్తాయి.

ఫొటోలో వెలుగును నిర్ణయించేవి మూడు. వెలుగు లోపలికి వచ్చే రంధ్రం (అపర్చర్), తలుపు తెరిచి ఉంచే కాలం (షట్టర్), వెలుగును ఎంతగా పెంచి చూపాలనే లెక్క (ఐఎస్ఓ). కుండలో నీళ్ళు నింపడంతో దీన్ని పోల్చుకోవచ్చు. కుళాయి వెడల్పు అపర్చర్, తిప్పి ఉంచిన సమయం షట్టర్. నీళ్ళు తక్కువైతే ఉన్నదాన్నే ఎక్కువగా చూపించే కొలత ఐఎస్ఓ. కొండలు, లోయలు కదలవు గనుక కెమెరాను కదలకుండా ఉంచి అపర్చర్ ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య, ఐఎస్ఓ 100 పెట్టి, షట్టర్ ఎంతసేపైనా తెరవవచ్చు. హరిదాసు నడుస్తుంటే, గంగిరెద్దు తల ఊపుతుంటే షట్టర్ సెకనులో 250వ వంతు అయినా ఉండాలి, లేకపోతే బొమ్మ చెదురుతుంది. భోగిమంట దగ్గర ఐఎస్ఓ 800 నుంచి 1600 పెట్టి, సెకనులో 60వ వంతుతో తీయవచ్చు.

కొన్ని చిన్న జాగ్రత్తలు:

– మంచులో ఫ్లాష్ వాడరాదు. ఆ వెలుగు ఎదురుగా ఉన్న తుంపరలకే తగిలి వెనక్కి వచ్చి తెల్లని చుక్కలు పడతాయి.

– ట్రైపాడ్ లేకపోతే గుడ్డసంచిలో అరకిలో ఇసుక పోసి మూతి కుట్టి, రాయి మీద పెట్టి దానిపై ఫోను ఆనించాలి. రెండు సెకన్ల టైమరు పెడితే వేలి కదలిక కూడా ఉండదు.

– చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకోవాలి.

– చలిలోంచి వెచ్చని గదిలోకి రాగానే లెన్సు మీద తడి పడుతుంది. లోపలికి వచ్చే ముందే పాలిథీన్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. తడి సంచి మీద పడుతుంది, లెన్సు బాగుంటుంది.

– ఫోనులో జూమ్ చేయడం కంటే నాలుగడుగులు ముందుకు వేయడం మేలు.

పరికరం కంటే వెలుగు గురించిన తెలివి ముఖ్యం అనడానికి ఒక ఉదాహరణ. అమెరికా దేశపు కొండలను, లోయలను నలుపు తెలుపు ఫొటోలు తీసి పేరుపొందిన ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) 1941 నవంబరు 1 సాయంత్రం న్యూమెక్సికోలో కారులో వెళుతూ హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం చూశాడు. శ్మశానంలోని తెల్లని శిలువల మీద చివరి ఎండ పడుతోంది. హడావిడిలో వెలుగు కొలిచే మీటరు ఎక్కడ పెట్టాడో కనబడలేదు. కానీ చంద్రుని వెలుగు ఎంతో ఆయనకు తెలుసు. దాన్ని బట్టి మనసులోనే లెక్క కట్టి ఒక్క ఫొటో తీశాడు. రెండవది తీయబోయేలోగా శిలువల మీది వెలుగు పోయింది. ఆ ఒక్క ఫొటో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. చదువుకున్నది సమయానికి ఇలా అక్కరకు వస్తుంది.

4. దృశ్యాన్ని అమర్చడం

పెద్ద కొండ ముందు నిలబడి ఫొటో తీస్తే ఇంటికి వచ్చి చూసేసరికి అది చిన్న గుట్టలా కనిపిస్తుంది. ఎందుకంటే పోల్చుకోవడానికి ఫొటోలో ఇంకేమీ లేదు. ముందుభాగంలో ఒక చెట్టో, బండరాయో, కట్టెలమోపుతో నడిచే మనిషో ఉంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది. దూరం పోయేకొద్దీ కొండలు ఒకదాని వెనుక ఒకటి లేతగా కనిపిస్తాయి. దగ్గరి కొండ ముదురు, దాని వెనుకది కొంచెం లేత, ఆ వెనుకది ఆకాశంలో కలిసిపోయేంత లేత. మంచు ఈ తేడాను ఇంకా పెంచుతుంది. ఆ వరుసలను నాలుగైదు పట్టుకోగలిగితే ఫొటోకు లోతు వస్తుంది. ఆకాశరేఖను సరిగ్గా మధ్యలో పెట్టకుండా పైనుంచి మూడో వంతులోనో, కింది నుంచి మూడో వంతులోనో ఉంచాలి.

ఇంకొక మాట. లంబసింగికి వచ్చిన చాలామంది కాఫీతోటల్లో పనిచేసే గిరిజన స్త్రీలను అడగకుండానే ఫొటోలు తీసుకుపోతున్నారు. కొండను అడగనక్కరలేదు, మనిషిని అడగాలి. దీని గురించి ముందు ముందు చెబుతాము.

5. చలికాలమే జానపద కాలం

ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. చలిలో బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలాగా బిగుసుకుపోతాడు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇది పేరు వెనుక ప్రజలు అల్లుకున్న కథ. ఇటువంటి కథలు, పాటలు, ఆచారాలు, సామెతలు అన్నీ కలిపి జానపదం. ఇంగ్లీషులో 'ఫోక్‌లోర్' అనే మాటను 1846లో విలియం జాన్ థామ్స్ అనే ఆయన మొదట వాడాడు. మన తెలుగులో ఆచార్య బిరుదురాజు రామరాజు గారు పల్లెల పాటల మీద పరిశోధన చేసి, జానపదం కూడా విశ్వవిద్యాలయంలో చదవదగ్గ విద్య అని నిరూపించారు.

చలికాలంలోనే ఇంతమంది జానపద కళాకారులు ఊళ్ళోకి ఎందుకు వస్తారు? సమాధానం తేలిక. అప్పటికి వరి కోతలు అయ్యి, కళ్ళాల మీద నూర్పులు అయ్యి, ధాన్యం ఇంటికి చేరుతుంది. అడిగేవాడికీ, పెట్టేవాడికీ అది అనువైన సమయం. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించినప్పుడు నెలగంట పెడతారు. అక్కడి నుంచి భోగి వరకు వాకిళ్ళలో ముగ్గులు, గుమ్మడిపూలు పెట్టిన గొబ్బెమ్మలు. ఆ గొబ్బెమ్మలే ఎండి పిడకలై భోగిమంటకు చేరతాయి.

ఈ నెల రోజుల్లో వచ్చేవారిని గుర్తుపట్టడం నేర్చుకోండి.

హరిదాసు: తలమీద అక్షయపాత్ర అనే రాగిపాత్ర, ఒక చేత తంబురా, ఇంకొక చేత చిరుతలు, కాళ్ళకు గజ్జెలు. ఇంటింటికీ తిరిగినంతసేపూ పాత్రను నేల మీద దించడు, కీర్తన తప్ప మాట మాట్లాడడు. బియ్యం పోసేవారు పిల్లలైతే వంగి అందుకుంటాడు. ఫొటోకు మంచి క్షణం అదే.

గంగిరెద్దులవారు: బొంత కప్పి, కొమ్ములకు కుప్పెలు తొడిగి, మెడలో గంటలు కట్టిన ఎద్దు. వెంట సన్నాయి, డోలు. దూడగా ఉన్నప్పటి నుంచి తలూపడం, మోకాలు వంచడం నేర్పుతారు. ఎద్దు మీది బట్టల్లో చాలావరకు ఊరివాళ్ళు ఇచ్చిన పాతచీరలే.

బుడబుక్కలవాడు: తెల్లవారుజామునే చేతిలో చిన్న ఢక్కా మోగిస్తూ వచ్చి జోస్యం చెబుతాడు.

జంగమదేవర: శంఖం ఊది, గంట మోగించి వాకిట నిలబడతాడు.

కొమ్మదాసరి: చెట్టెక్కి, దక్షిణ ఇస్తే దిగుతా, లేకపోతే పడిపోతా అని నవ్విస్తూ బెదిరిస్తాడు. ఇప్పుడు చాలా అరుదు.

పిట్టలదొర: ఖాకీ బట్టలు, కొయ్య తుపాకి, కోతలే కోతలు.

వీరిలో చాలామంది సంచార కులాలవారు. మాలదాసరి, చిందు, డక్కలి వంటి కులాలు షెడ్యూల్డు కులాల జాబితాలోనే ఉన్నాయి. అనగా ఈ కళలు ఎక్కడో లేవు, మన హాస్టల్ గదుల్లోనే ఉన్నాయి. డక్కలివారి వాయిద్యమైన పన్నెండు మెట్ల కిన్నెరను వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మన మధ్య ఉన్న తమ్ముడు ఎవరైనా తన తండ్రి కళ గురించి చెప్పడానికి సిగ్గుపడుతుంటే ఆ సిగ్గు అతనిది కాదు, మనం కలిగించింది.

6. మేము చేసిన తప్పు

ఈ మాట ఊరికే రాయలేదు. ఇది ఒప్పుకోకుండా ఈ వ్యాసం ముగిస్తే అబద్ధమవుతుంది.

మేము తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మాకంటే రెండు తరగతులు చిన్నవాడైన ఒక తమ్ముడు మన హాస్టల్లో ఉండేవాడు. వాళ్ళది గంగిరెద్దులవారి కుటుంబం. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల ముందు హాస్టల్ వీధిలో సన్నాయి వినిపించింది. అందరం గేటు దగ్గరకు పరుగెత్తాము. అతను మాత్రం నీళ్ళ ట్యాంకు వెనుక దాక్కున్నాడు. మాలో ఒకరికి అనుమానం వచ్చి, ఆ ఎద్దును ఆడిస్తున్నది అతని తండ్రేనని కనిపెట్టాము. పిలిచి, చేయి పట్టుకొని గేటు దగ్గరకు లాక్కొచ్చాము. ఒక పెద్ద కుర్రాడు దొంగతనంగా తెచ్చిన సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాము. ఎద్దు తల వంచుతోంది, ఆయన సన్నాయి నోటి దగ్గర పెట్టుకొని కొడుకును చూసి నవ్వుతున్నాడు. ఆ ఫొటో కింద ఎద్దుకు ఆ తమ్ముడి పేరు పెట్టి రాసి నలుగురికీ పంపాము. రెండు రోజులు అదే నవ్వు.

సెలవుల తర్వాత అతను రాలేదు. వార్డెన్ గారు వాళ్ళ గుడారం వెతుక్కుంటూ వెళ్ళి మూడు వారాలకు తీసుకొచ్చారు. కొడతారేమోనని భయపడి మేము ఆ ఫొటోను తీసేశాము. సార్ కొట్టలేదు. అందరినీ కూర్చోబెట్టి 'మీ నాన్నలు చేసే పని ఏదో ఒక్కొక్కరు లేచి చెప్పండి' అన్నారు. తలలు వంచుకొని చెప్పాము. పాకీపని, చెప్పులు కుట్టడం, కూలీ, డప్పు. ఒక్కరి నోటా నవ్వు రాలేదు.

మొన్నటి చలికాలంలో ఈ ఫొటోల పని మీద ఊళ్ళు తిరుగుతుండగా అతను కనిపించాడు. ఐటీఐ చదివి ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాడు. కాఫీ హోటల్ బెంచీ మీద కూర్చోబెట్టి, ఇన్నేళ్ళకు క్షమించమని అడిగాము. అతను చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత 'అన్నా, ఆ ఫొటో ఉందా?' అని అడిగాడు.

లేదని చెప్పాము.

'నాన్న పోయి మూడేళ్ళయింది. ఆధార్ కార్డు మీదది తప్ప ఇంకో ఫొటో లేదు. సన్నాయితో ఉన్నది అదొక్కటే' అన్నాడు.

మాకు నోటమాట రాలేదు. ఆ రోజు గేటు దగ్గర ఆయన నవ్వింది మమ్మల్ని చూసి కాదు, చదువుకుంటున్న కొడుకును చూసి. ఆ నవ్వు మా చేతికి దొరికింది. మేము దాన్ని ముందు ఎగతాళికి వాడాము, తర్వాత భయంతో చెరిపేశాము. ఇప్పుడు ఎంత మంచి కెమెరా కొన్నా ఆ ఫొటో రాదు.

మా ఇళ్ళ సంగతి కూడా అంతే. మాలో ఒకరి తాతగారు పేరున్న డప్పు కళాకారుడు. ఆయన ఫొటో అంటూ ఇంట్లో ఉన్నది పాత రేషన్‌కార్డు మీది నలుగురితో కలిసిన చిన్న బొమ్మ. అందులో డప్పు లేదు. రాజుల ఫొటోలు, దర్బారు ఫొటోలు నూటయాభై ఏళ్ళ కిందటివి కూడా భద్రంగా ఉన్నాయి. నిజాం దర్బారు ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1905లోనే కాలం చేశారు, ఆయన తీసిన ఫొటోలు ఈనాటికీ చూస్తున్నాం. మన తాతల ఫొటోలు తీయడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. ఇప్పుడూ తీయకపోతే తప్పు మనదే.

7. మేము పెట్టుకున్న నియమాలు

ఆ సంఘటన తర్వాత మేము నలుగురం కూర్చొని కొన్ని నియమాలు రాసుకున్నాము. మీరూ పాటిస్తారని ఇక్కడ ఇస్తున్నాము.

(1) ముందు నమస్కారం, తర్వాత మాట, ఆ తర్వాతే కెమెరా. వద్దంటే దించేయాలి. హరిదాసు తిరిగేటప్పుడు మాట్లాడడు గనుక ఆయన తిరుగుడు అయ్యేవరకు ఆగి అడగాలి.

(2) పైనుంచి కిందికి తీయరాదు. కళ్ళకు కళ్ళు ఎదురుగా ఉండేలా నిలబడాలి. కూర్చున్నవారిని కూర్చొనే తీయాలి.

(3) వేషంతో ఒక ఫొటో, వేషం లేకుండా కుటుంబంతో ఒక ఫొటో తప్పక తీయాలి. మొదటిది లోకానికి, రెండవది వాళ్ళ ఇంటికి.

(4) ప్రింటు తీసి ఇవ్వాలి. ఒక ఫొటో ప్రింటు వేయించడానికి అయ్యేది ఒక టీ ఖర్చుకు అటూ ఇటూ. సంచార కుటుంబాలు వచ్చే ఏడు ఎక్కడ ఉంటాయో తెలియదు, కనుక ఊరు వదిలేలోగా ఇవ్వాలి.

(5) తక్కువగా ఉన్నప్పుడో, తింటున్నప్పుడో, నిద్రపోతున్నప్పుడో తీయరాదు. పేదరికం చూపించి మెప్పు పొందాలనుకోవడం దొంగతనంతో సమానం.

(6) పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ పంపరాదు. ఎగతాళి రాతలు రాయరాదు.

8. ఫొటో ఒక్కటే చాలదు, రాయాలి

ఫొటోలో పాట వినిపించదు. కాబట్టి ప్రతి ఫొటోకూ నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించాలి. తేదీ, ఊరు, మండలం, కళాకారుని పేరు (వారు రాయమంటేనే), వయస్సు, ఆ కళ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాయిద్యం దేనితో చేశారు, ఏ ఏ ఊళ్ళు తిరుగుతారు, పిల్లలు నేర్చుకుంటున్నారా. పాటను ఫోనులో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాయాలి. మన శ్రీకాకుళం యాసలో పాడితే ఆ యాసలోనే రాయాలి. పుస్తకం భాషలోకి దిద్దితే అది వారి పాట కాదు, మన పాట అవుతుంది. అదే పాటను పక్క ఊళ్ళో ఇంకోలా పాడితే రెండూ రాయాలి. ఏది సరైనది అని తేల్చడం మన పని కాదు.

వరంగల్లుకు చెందిన ఫొటోగ్రాఫరు భరత్ భూషణ్ గారు 2022లో కన్నుమూశారు. ఎన్నో ఏళ్ళపాటు ఆయన తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను ఓపికగా ఫొటోల్లో నిలిపారు. ఆ ఓపికే మనకు మార్గదర్శకం.

9. సెలవుల్లో చేయవలసిన అభ్యాసాలు

(అ) తెల్లవారుజామున మీ ఊరి చెరువుగట్టు మీది నుంచి ఒకే దృశ్యాన్ని ఆరు గంటలకు, ఏడు గంటలకు, ఎనిమిది గంటలకు తీయండి. వెలుగులో, మంచులో వచ్చిన మార్పు నాలుగు వాక్యాల్లో రాయండి.

(ఆ) భోగిమంటను మామూలుగా ఒకటి, −1 పెట్టి ఒకటి తీసి పోల్చండి.

(ఇ) ఈ సంక్రాంతికి మీ వీధిలోకి వచ్చిన ఒక కళాకారుని పేజీ పైన చెప్పిన పద్ధతిలో నింపండి.

(ఈ) అన్నింటికంటే ముఖ్యమైనది. మీ అమ్మానాన్నలను, తాతమ్మలను వారు రోజూ పట్టే పనిముట్టుతో ఒక ఫొటో తీయండి. కొడవలి, ఆరె, డప్పు, చీపురు, సన్నాయి ఏదైనా సరే. ప్రింటు తీసి, వెనుక వారి పేరు, తేదీ రాసి ట్రంకుపెట్టెలో పెట్టండి.

మీరు తెచ్చిన పేజీలను, ఫొటోలను లైబ్రరీ గదిలో ఒక ఆల్బంగా కూర్చడానికి వార్డెన్ గారు ఒప్పుకున్నారు. మొదటి పేజీని ఖాళీగా ఉంచుతున్నాము. అక్కడ ఉండవలసిన ఫొటో మా దగ్గర లేదు. ఆ తమ్ముడు మాత్రం తన తండ్రి సన్నాయిని తెస్తానన్నాడు. సెలవుల తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం మెస్ హాలు ముందు దాన్ని, అతన్ని కలిపి ఫొటో తీస్తాము. అందరూ రండి. గేటు దగ్గర కాదు, వరండాలో, కుర్చీ వేసి.